సర్కారు ఆర్డరు మన షెడ్డు దాకా ఎలా దిగుతుంది?



పోయిన నెల శిడ్లఘట్ట దగ్గరి పల్లె నుంచి మన గుంపు సభ్యుడొకాయన ఒక కాగితం ఫోటో పంపారు. ఆయన బైవోల్టిన్ గూళ్ల లాట్ పాడుకున్న రీలరు, కాటా అయ్యాక "అన్నా, దీని మీద ఒక సంతకం పెట్టిపో" అని ఇచ్చాడంట. అర పేజీ, కన్నడలో అచ్చు వేసింది. అందులో మూడు మాటలున్నాయి. నా షెడ్డులోను, తోటలోను 14 ఏళ్లు నిండని పిల్లలను పనికి పెట్టుకోను. ముందుగా అప్పు ఇచ్చి, అది తీరేదాకా కదలకూడదని ఏ కూలీనీ కట్టేసుకోలేదు. షెడ్డు శుద్ధికి, తోటకు వాడే మందులు పట్టు శాఖ చెప్పిన ప్రకారమే వాడుతాను. కింద పేరు, ఊరు, ఆధార్ నంబరు, సంతకం. అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం: పై వాటిలో ఏది తప్పని తేలినా, దాని వల్ల కలిగే నష్టానికంతా నేనే బాధ్యుడిని.

మన సభ్యుడు అడిగింది ఒకటే. "గూళ్లు తెచ్చినాము, కాటా పెట్టినాము, వేలం అయింది. ఇంక నా షెడ్డులో ఎవరు ఆకు వేసినారో ఆయనకెందుకు?" రీలరును అడిగితే ఆయనకూ సరిగ్గా తెలీదు. "పైన నూలు కొనేవాళ్లు అడుగుతున్నారు. ఎక్కడో సర్కారు ఆర్డరంట" అన్నాడు. మన సభ్యుడు సంతకం పెట్టకుండా వచ్చేశాడు. వచ్చే పంటకు ఆ రీలరు మళ్లీ పాడతాడో లేదో అన్న దిగులు మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

ఇలాంటి కాగితాలు ఇంకా వస్తాయి. హోసూరు, ధర్మపురి వైపూ రావచ్చు, జాల్నా మార్కెట్లోనూ రావచ్చు. అవి ఎక్కడ పుడతాయి, వాటి వల్ల ఎవరికైనా మేలు జరిగిందా, మన చేతికి వస్తే ఏం చెయ్యాలి అన్నది తెలిసినంతవరకు రాస్తున్నాము. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

సర్కారు అంటే మనకు పన్ను వేసేది, సబ్సిడీ ఇచ్చేది, గూళ్ల మార్కెట్ నడిపేది. దాన్ని కొనేవాడిగా మనం చూడము. కానీ ఆసుపత్రి దుప్పటి, పోలీసు యూనిఫాం, హాస్టలు పిల్లల చొక్కా, ఆఫీసు కుర్చీ అన్నీ అది కొనేవే. 2016లో మొదలైన జెమ్ అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ అంగడి ఒక్కదానిలోనే 2023-24లో జరిగిన కొనుగోళ్లు 4 లక్షల కోట్ల రూపాయలు దాటాయి. మన పట్టులోనూ సర్కారు కొనుగోలు ఉంది. మైసూరు సిల్క్ చీరలు నేయించే కేఎస్ఐసీ కర్ణాటక ప్రభుత్వానిదే. అది మనలాంటి వాళ్లు తెచ్చిన గూళ్లు కొని, టి.నరసీపురలో నూలు తీసి, మైసూరులో నేయిస్తుంది. తమిళనాడులో సహకార సంఘాల నేతగాళ్లకు పట్టునూలు అందించే టాన్సిల్క్ కూడా అలాంటి సంస్థే.

ఇంత పెద్ద కొనుగోలుదారు "నాకు సరుకు ఇట్లా కావాలి" అంటే అమ్మేవాడు వింటాడు. పది దుప్పట్లు కొనేవాడు చెబితే వినకపోవచ్చు, లక్ష దుప్పట్లు కొనేవాడి మాట వినకుండా ఉండలేడు. చట్టానికీ టెండరుకూ తేడా ఇక్కడే ఉంది. పిల్లలను పనిలో పెట్టుకోకూడదని చట్టం ఎప్పుడో చెప్పింది. అది అమలు కావాలంటే ఇన్‌స్పెక్టరు రావాలి, చూడాలి, కేసు రాయాలి, అది కోర్టులో నిలబడాలి. టెండరు అయితే "నువ్వే రుజువు చూపించు, లేకుంటే బిల్లు ఆగుతుంది" అంటుంది. బరువు ఆ పక్క నుంచి ఈ పక్కకు వస్తుంది.

ఇక్కడ ఒక మాట విడిగా చెప్పాలి. కంపెనీల సామాజిక బాధ్యత అనగానే మన దేశంలో అందరికీ 2 శాతం గుర్తొస్తుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర లాభం 5 కోట్లు గాని, టర్నోవరు 1000 కోట్లు గాని, నికర విలువ 500 కోట్లు గాని చేరిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఊరికి ఉపయోగపడే పనులకు ఖర్చు పెట్టాలి. మంచిదే, వద్దనడం లేదు. కానీ అది లాభం వచ్చాక పెట్టే ఖర్చు. ఆ లాభం ఎట్లా వచ్చింది అన్నది వేరే ప్రశ్న. ఒక పక్క బడికి బెంచీలు కొనిచ్చి, ఇంకో పక్క ఆ బడికి పోవాల్సిన పిల్ల చేత దారం మెలి వేయించుకున్నా లెక్కల పుస్తకంలో 2 శాతం సరిగ్గానే ఉంటుంది. సర్కారు కొనుగోలు పట్టుకోగలిగేది ఈ రెండో ప్రశ్ననే.

పట్టుకున్న చోట ఏం జరిగిందో చూద్దాం. మాకు బాగా నచ్చిన ఉదాహరణ పట్టుది కాదు, కత్తెరలది.

పాకిస్తాన్ పంజాబులో, జమ్ముకు దగ్గరగా, సియాల్‌కోట్ అనే ఊరుంది. ఆపరేషన్ చేసేటప్పుడు డాక్టర్లు వాడే కత్తెరలు, చిమటాలు, పట్టకార్లు అక్కడ తయారై ప్రపంచమంతా పోతాయి. పెద్ద ఫ్యాక్టరీలు ఉన్నాయి గాని, పని మొత్తం వాటిలోపలే జరగదు. ఆకురాయితో గీకడం, సాన పట్టడం, మెరుగు పెట్టడం లాంటి ముక్కల పనులు చిన్న చిన్న కొట్లకు పోతాయి. ఇనుప పొడి ముక్కులోకి పోయే గదులు, పీసుకింత అని కూలి. వాటిలో పిల్లలూ పనిచేసేవాళ్లు.

స్వీడన్ దేశంలో ఆసుపత్రులు నడిపేది 21 ప్రాంతీయ ప్రభుత్వాలు. వాళ్ల ఆసుపత్రుల్లో వాడే కత్తెరలు కొన్ని ఇక్కడినుంచి వచ్చేవే. 2007లో స్వీడ్‌వాచ్ అనే సంస్థ సియాల్‌కోట్ కొట్ల పరిస్థితి మీద నివేదిక వేసింది. జనం కట్టే పన్నుతో కొన్న కత్తెర, ఎక్కడో ఒక పిల్లవాడు సాన పట్టిన కత్తెర అని తెలిసేసరికి అక్కడ గొడవైంది. అప్పుడు స్టాక్‌హోమ్ సహా పెద్ద ప్రాంతాలు కలిసి, సరఫరాదారులకు ఒకే రకం షరతులు రాశాయి. తర్వాత మిగతా ప్రాంతాలూ కలిశాయి.

కలవడంలోనే కిటుకు ఉంది. ఒక్క ప్రాంతం షరతు పెడితే సరఫరాదారు "సరే, నీకు అమ్మను" అని పక్క ప్రాంతానికి పోగలడు. అందరూ ఒకే షరతు పెడితే పోవడానికి చోటు లేదు. పైగా తనిఖీకి మనిషిని అంత దూరం పంపే ఖర్చు కూడా పంచుకోవచ్చు. షరతు రాసి ఊరుకోలేదు. మొదట ప్రశ్నల పట్టిక పంపారు: నీ సరుకు ఏ ఊళ్లో, ఏ ఫ్యాక్టరీలో తయారవుతుంది, కూలి ఎంత, వయసు ఎట్లా చూస్తావు? జవాబు సరిగ్గా లేనివాళ్ల దగ్గరికి మనుషులు వెళ్లి చూశారు. తప్పు దొరికితే వెంటనే కాంట్రాక్టు తెంచడానికి చూడలేదు, ఫలానా గడువులోపల సరిచెయ్యి అన్నారు. తెంచేస్తే ఆ కొట్లో పనిచేసేవాళ్లు ఉన్న కూలి కూడా పోగొట్టుకుంటారు కదా.

2015లో అదే స్వీడ్‌వాచ్ మళ్లీ పోయి చూసింది. స్వీడన్‌కు సరుకు పంపే పెద్ద ఫ్యాక్టరీల్లో కనీస కూలి, ఓవర్‌టైం, భద్రత విషయాల్లో నిజంగానే మెరుగు కనబడింది. ముక్కల పని చేసే చిన్న కొట్లలో మాత్రం పాత కష్టాలు చాలావరకు మిగిలే ఉన్నాయి. షరతు ఫ్యాక్టరీ గేటు దాకా గట్టిగా పోయింది, గేటు దాటి సందులోకి పోయేసరికి సన్నబడింది.

ఈ సంగతి చదివినప్పుడు మాకు మన నూలు దారి గుర్తుకొచ్చింది. గూడు మన దగ్గర. ఆ తర్వాత రీలరు, తర్వాత మెలి వేసే ట్విస్టింగ్ యూనిట్, తర్వాత అద్దకం, మగ్గం, చీర వ్యాపారి, చివరికి కొనేవాడు. ఆరేడు చేతులు. పైచేతికి కింద నుంచి మూడో చెయ్యి ఎవరిదో కూడా తెలీదు.

ఇంకో చేదు మాట కూడా చెప్పుకోవాలి. 2003 జనవరిలో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ భారతదేశపు పట్టు పనిలో వెట్టి పిల్లల గురించి ఒక పెద్ద నివేదిక తెచ్చింది. కర్ణాటక, తమిళనాడు, ఉత్తరప్రదేశ్ తిరిగి రాసింది. మరిగే నీళ్లలో గూళ్లను చేత్తో దేవి దారం కొస పట్టుకునే పిల్లలు, మెలి యంత్రాల మధ్య పొద్దస్తమానం నిలబడి తెగిన పోగు ముడి వేసే పిల్లలు, తల్లిదండ్రులు తీసుకున్న కొద్దిపాటి అడ్వాన్సుకు ఏళ్ల తరబడి కట్టుబడిపోయిన పిల్లలు. మనలో నలభై దాటినవాళ్లకు ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు. అప్పటి చరక షెడ్లు మనమూ చూశాం. చూసి గూళ్లు అమ్ముకుని ఇంటికొచ్చాం.

ఆ తర్వాత చాలా మారింది. మల్టీ ఎండ్ యంత్రాలు, ఆటోమేటిక్ రీలింగ్ వచ్చాయి, పిల్లలు బడికి పోతున్నారు. మేం తిరిగే షెడ్లలో అప్పటి దృశ్యం ఇప్పుడు కనబడదు. కానీ పేరు ఒకసారి పడితే తొందరగా పోదు. 2009 సెప్టెంబరులో అమెరికా కార్మిక శాఖ, పిల్లలతోనో వెట్టివాళ్లతోనో చేయిస్తున్నారని నమ్మే సరుకుల జాబితా మొదటిసారి వేసినప్పుడు, అందులో మన దేశపు పట్టు దారం, పట్టు గుడ్డ రెండూ ఉన్నాయి. విదేశాలకు గుడ్డ పంపే వ్యాపారులు వయసు కాగితాలు అడగడానికి ఇలాంటి జాబితాలు ఒక కారణం.

అమెరికాలో సర్కారు కొనుగోలుకే సంబంధించిన ఉత్తర్వు వేరే ఉంది. 1999 జూన్‌లో అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టిన 13126వ ఉత్తర్వు అది. దాని కింద ఒక జాబితా ఉంటుంది. ఆ జాబితాలోని సరుకును అక్కడి కేంద్ర ప్రభుత్వ శాఖలకు అమ్మేవాడు, ఇందులో వెట్టి పిల్లల చాకిరీ లేదని నేను విచారించుకున్నాను అని రాసివ్వాలి. మన దేశం నుంచి అందులో చేర్చినవాటిలో హైబ్రిడ్ పత్తి విత్తనం ఒకటి. కర్నూలు, మహబూబ్‌నగర్ పొలాల్లో ఆడపిల్లల చేత పువ్వు పువ్వుకూ పుప్పొడి అంటించిన కథ మన తెలుగువాళ్లకు కొత్త కాదు.

ఇంతవరకు షరతు, తనిఖీ. అవి రెండూ ఉంటే చాలా? చాలవు. మూడోది ధర, నాలుగోది ఆర్డరు నిలకడ. దానికి సిరిసిల్ల చూడాలి.

సిరిసిల్ల మరమగ్గాల ఊరు. నేసేది ఎక్కువగా పాలియెస్టరే, మన పట్టుకు సంబంధం లేదు. అప్పులతో, ఆత్మహత్యలతో ఒకప్పుడు రోజూ పేపర్లో కనబడిన ఊరు. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ పండుగకు ఆడవాళ్లందరికీ చీరలు పంచాలనుకుంది. మొదటి ఏడాది తొందరలో కొంత సరుకు సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు చీరలను రోడ్డు మీదే తగలబెట్టారు. తర్వాతి ఏళ్లలో ఆర్డరు సిరిసిల్లకు పోయింది. ఏటా కోటి దాకా చీరలు, 300 కోట్ల రూపాయల పైచిలుకు. నెలల తరబడి ఒకే పని, ముందే తెలిసిన రేటు. ఆర్డరు నడిచిన నెలల్లో కార్మికుడి కూలి అంతకుముందుకన్నా బాగా పెరిగింది. రేటులోనే కూలి కలిసి ఉంది కాబట్టి, యజమాని ఇవ్వడానికి వీలైంది.

తర్వాత ప్రభుత్వం మారింది, 2024లో ఆ ఆర్డరు రాలేదు. పాత బకాయిలూ ఆగాయి. మగ్గాలు నిలిచిపోయాయి, ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చాయి. ఆ పైన మహిళా సంఘాల చీరల పేరుతో కొత్త ఆర్డరు వచ్చేదాకా ఊరు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. సర్కారు ఆర్డరు కూలిని ఎంత పైకి లేపగలదో, లేకపోతే ఎంత కిందికి పడేయగలదో ఒకే ఊళ్లో ఏడెనిమిదేళ్లలో కనబడింది. ఒక్క కొనుగోలుదారు మీదే ఊరంతా నిలబడటం మంచిది కాదని మా అభిప్రాయం. అయినా ఆర్డరు లేకుండా ఉత్త షరతులు పెట్టేవాడికన్నా, రేటు కట్టి కొన్నవాడే కార్మికుడికి ఎక్కువ చేశాడని కూడా ఒప్పుకోవాలి.

మన దేశంలో చాలా టెండర్ల పద్ధతి ఎల్-1. అడిగిన నాణ్యత ఉందన్నవాళ్లలో అందరికన్నా తక్కువ రేటు వేసినవాడికే ఆర్డరు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, పన్ను డబ్బు కదా. కానీ ఇద్దరు పోటీదారులను ఊహించండి. ఒకడు పెద్దవాళ్లకు పూర్తి కూలి, పీఎఫ్ ఇచ్చి నూలు తీయిస్తాడు. ఇంకొకడు ఎక్కడెక్కడ తగ్గించాలో అక్కడల్లా తగ్గిస్తాడు. కాగితం మీద ఇద్దరూ ఒకే సంతకం పెడతారు. రేటులో రెండోవాడే గెలుస్తాడు. యూరప్‌లో 2014 నాటి ప్రభుత్వ కొనుగోలు నిబంధనల్లో దీనికొక అడ్డుకట్ట వేశారు. రేటు అనుమానం వచ్చేంత తక్కువగా ఉంటే వివరణ అడగాలి. కార్మిక చట్టాలను తప్పించుకోవడం వల్లే అంత తగ్గిందని తేలితే ఆ టెండరును తోసిపుచ్చాలి.

నిజానికి బాధ్యతగా చేసిన సరుకు ఎంత ఖరీదవుతుంది? మన లెక్కలోనే చూద్దాం. ఒక చీరకు అరకేజీ కచ్చా పట్టు పడుతుందనుకోండి. కిలో పట్టుకు 7 కిలోల గూళ్లు అనుకుంటే, చీరకు మూడున్నర కిలోల గూళ్లు. కిలో గూళ్లకు 50 రూపాయలు ఎక్కువ పెట్టినా చీర మీద పడేది 175 రూపాయలు. చీర ధర పది వేలైతే రెండు శాతం కూడా కాదు. రీలింగ్ కూలి, ట్విస్టింగ్ కూలి పెంచినా ఇలాగే, పైన చీర మీద చిన్న మొత్తం, కింద మనిషికి పెద్ద మొత్తం. మన షెడ్డులో 50 రూపాయల తేడా అంటే ఆ పంట లాభమా నష్టమా అన్నదే. పైన ఆ చిన్న మొత్తాన్ని తగ్గించుకోవడానికి జరిగే పోటీయే కిందికి వచ్చేసరికి పిల్లవాడి బడి అవుతుంది, ఆడకూలి చేతి బొబ్బ అవుతుంది.

తనిఖీ మాట మళ్లీ ఎత్తుతున్నాము, పట్టుకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఈ మధ్యనే వచ్చింది కాబట్టి. 2025 డిసెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం బోర్డు ఒక విషయం బయటపెట్టింది. స్వామి దర్శనానికి వచ్చిన ప్రముఖులకు ఆశీర్వచనంలో కప్పే పట్టు శాలువాలు పరీక్షలో పాలియెస్టర్ అని తేలాయంట. పదేళ్లుగా సాగిందని, విలువ 54 కోట్లదాకా ఉంటుందని వార్తలొచ్చాయి. పరీక్షకు పంపిన ప్రయోగశాలల్లో మన కేంద్ర పట్టు మండలిది కూడా ఉంది. విచారణ అవినీతి నిరోధక శాఖకు వెళ్లింది. ఎవరిది ఎంత తప్పో అది తేలుస్తుంది, మేం తీర్పు చెప్పడం లేదు. దేవస్థానం ప్రభుత్వ శాఖ కాదు, చట్టం కింద నడిచే సంస్థ. అయినా మన ప్రశ్నకు ఇది సూటిగా తగులుతుంది. టెండరులో మల్బరీ పట్టు అని రాసే ఉంది. సరుకులో పట్టు ఉందో లేదో చూడటానికి పోగు కాల్చి వాసన చూసినా మనలో ఎవరైనా చెప్పగలరు. అంత సులువుగా చూడగలిగిన షరతే ఇన్నేళ్లు దాటిపోయిందంటే, నూలు తీసినవాడి వయసు లాంటి కంటికి కనబడని షరతు మీద ఒక్క సంతకం ఎంత పనిచేస్తుంది? ఆ శాలువాల్లో పడాల్సిన పట్టు మన గూళ్లలోంచి పోవాల్సిందే కదా అన్న బాధ కూడా మాకు లేకపోలేదు.

డబ్బు ఇచ్చే తీరు గురించి కొద్దిగా. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం చిన్న యూనిట్ దగ్గర కొన్నవాళ్లు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. చాలా ప్రభుత్వ సంస్థలే దీన్ని దాటేస్తాయని సరఫరాదారులు వాపోతుంటారు. బిల్లు ఆరు నెలలు ఆగితే నేతయజమాని నూలువాడికి ఆపుతాడు, నూలువాడు రీలరుకు ఆపుతాడు. మన గూళ్ల డబ్బు ఇప్పుడు మార్కెట్ ద్వారా బ్యాంకు ఖాతాకు వస్తున్నందుకు మనం కొంత బతికిపోయాం. రీలింగ్ షెడ్డు కూలీకి ఆ రక్షణ లేదు. బాధ్యత అడిగే కొనుగోలుదారు తన వంతు కూడా చూసుకోవాలి.

ఇక మన సభ్యుడి కాగితం సంగతి.

మూడు మాటల్లో మొదటిది పిల్లల గురించి. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండనివాళ్లను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత ఇంటి పనిలో, ప్రమాదం లేని చోట, బడి అయ్యాకనో సెలవుల్లోనో సాయం చేస్తే తప్పు లేదు. 14 నుంచి 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. కాబట్టి మన పాప సాయంత్రం బడి నుంచి వచ్చి తట్టలో ఆకు వేస్తే నేరం కాదు. నాలుగో జ్వరం దాటి ఆకు గుట్టలు గుట్టలు కావాల్సిన రోజుల్లో బడి మాన్పిస్తే తప్పు. ఆ వారం రోజులే మన ఇళ్లలో ఎక్కువగా బడి ఎగ్గొట్టేది, దాచుకోవడం ఎందుకు. పక్కింటి పిల్లను కూలికి పిలిస్తే అది ఏ రోజైనా తప్పే. ఫార్మలిన్, బ్లీచింగ్ చల్లే చోటుకు ఏ పిల్లనూ రానివ్వకండి, మీరూ ముక్కుకు మాస్కు, చేతికి తొడుగు లేకుండా పోకండి.

రెండోది అడ్వాన్సు. అడ్వాన్సు ఇవ్వడం ఒక్కటే నేరం కాదు. ఆ బాకీ చూపించి మనిషిని వేరే పనికి పోనివ్వకపోవడం, కనీస కూలికన్నా తగ్గించి పట్టుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. మన తోటల్లో జంటలను ఏడాదికి కుదుర్చుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి. ఎంత ఇచ్చారు, ఎంత కోశారు అన్నది ఒక చిన్న నోటుబుక్కులో రాసి, ఇద్దరి దగ్గరా పెట్టుకోవడం మంచిది.

ఈ రెండూ, మందుల మాటా, నిజాయితీగా పాటించేవాళ్లు రాసివ్వడానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది చివరి చిన్న అక్షరాల వాక్యానికి. పైన ఎక్కడో ట్విస్టింగ్ యూనిట్‌లో తప్పు జరిగి ఆర్డరు పోతే, ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? "కలిగే నష్టానికంతా" అన్న మాట మీద మన సంతకం ఉంటే, ఆ నష్టం మన మీదకు తోసెయ్యడానికి ఒక దారి దొరికినట్టే. సియాల్‌కోట్‌లో షరతు సందులోకి పోయి సన్నబడింది. ఇక్కడ అది అందరికన్నా కింద ఉన్నవాడి మెడకు చుట్టుకుంటోంది. ఆ వాక్యం కొట్టేసి, "నా షెడ్డు, నా తోట వరకు, నాకు తెలిసినంతలో" అని రాసి సంతకం పెట్టడం మేలు. కాగితానికి నకలు అడిగి తీసుకోండి. మీ మాట మీరు రాసివ్వడానికి ఆధార్ నంబరు ఎందుకు అని కూడా అడగండి.

ఇంకొకటి అడగడానికి మొహమాటపడొద్దు. ఈ షరతు పైనుంచి వచ్చిందంటే, దానితో పాటు రేటు ఏమైనా వచ్చిందా? ఒక్కరు అడిగితే "వేరే లాట్ చూసుకుంటాలే" అంటారు. స్వీడన్ ప్రాంతాల్లాగా మనమూ కలిసి అడిగితే వేరే సంగతి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఉన్నచోట సంఘం పేరుతోనే ఒక మాట రాసివ్వవచ్చు: మా సభ్యుల షెడ్లు ఎప్పుడైనా వచ్చి చూసుకోండి, ఈ గూళ్లకు ఇంత కలిపి ఇవ్వండి.

ఈ రాత ముగించేముందు ఆ రీలరు దగ్గరికి మేమే వెళ్లాము. మంచి మనిషి, టీ ఇప్పించాడు. తనకు పైనుంచి వచ్చిన కాగితం చూపించాడు. మనది అర పేజీ అయితే ఆయనది నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషులో. ఆయన కింది సరఫరాదారులందరి తప్పులకూ ఆయనే పూచీ అని అందులో ఉంది. చదివావా అంటే, "ఎక్కడ చదివేది సార్, ఆర్డరు పోతుందని పెట్టేసినా" అన్నాడు. మన దగ్గర ఆ చిన్న వాక్యం ఎందుకు పుట్టిందో అప్పుడు అర్థమైంది. ఆయన మెడకు పడిన తాడును ఆయన మనవైపు వదులు చేసుకుంటున్నాడు, అంతే.

ఆ వాక్యం తీసేసిన కాగితం ఒకటి కన్నడలోను, తెలుగులోను రాసి మన సభ్యుడి చేత ఆయనకు ఇప్పించాము. తీసుకుని నూలు కొనేవాళ్లకు పంపాడు. జవాబు ఇంకా రాలేదు. మీ దగ్గరికి ఇలాంటి కాగితం వచ్చి ఉంటే, పేర్లు, ఆధార్ నంబర్లు కనబడకుండా మూసి గుంపులో ఫోటో పెట్టండి. హోసూరు, జాల్నా వైపు వాళ్లవి తమిళంలో, మరాఠీలో ఉన్నా పర్వాలేదు, చదివి చెప్పేవాళ్లు మనలోనే ఉన్నారు.